‘కాయ పండింది’: జుమాంజీ చూస్తుండగా పిల్ల నోట వచ్చిన మాట

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి మీ అందరి ఇళ్ళలో ఏమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అమలాపురంలో మా ఇంట్లో అన్నయ్య పిల్లలిద్దరూ చాప వేసుకుని, లాప్‌టాప్ పెట్టుకుని ‘జుమాంజీ’ చూస్తున్నారు. 1995లో వచ్చిన సినిమా, రాబిన్ విలియమ్స్ ఆలన్‌గా వేసినది. అక్కాతమ్ముళ్ళు జూడీ, పీటర్ అటక మీద దొరికిన ఒక పాత ఆటపలక తెరిచి పాచికలు వేస్తారు. వేసిన ప్రతి పందానికీ ఏదో ఒక గండం నిజంగానే ఇంట్లోకి వచ్చి పడుతుంది. మొదలుపెట్టిన ఆట పూర్తి చేస్తే తప్ప ఏదీ వెనక్కి పోదు.

చివర్లో ఆ ఆటలోంచి వచ్చిన వేటగాడు ఆలన్‌కి తుపాకీ గురిపెట్టాడు. ఆలన్ చేతిలోంచి పాచికలు జారి దొర్లుతున్నాయి. మా మేనకోడలు టెన్షన్‌తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “అత్తా, ఈ పందెం పడితే వాళ్ళ కాయ పండిపోతుంది కదా!” అంది.

సినిమా నడుస్తున్నది ఇంగ్లీషులో. దానికి తొమ్మిదేళ్ళు, చదివేది ఇంగ్లీషు మీడియం. ‘గెలుస్తారు’ అనలేదు, ‘ఫినిష్’ అనలేదు, ‘పండిపోతుంది’ అంది. వేసవిలో వాళ్ళ మామ్మతో అరుగు మీద అష్టాచెమ్మా ఆడినందువల్ల వచ్చిన మాట అది.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. అయిదు వరసలు, అయిదు నిలువులు, మొత్తం 25 గళ్ళు. నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వలు లేకపోతే చింతపిక్కలు. పిక్కని అరుగు మీద ఒక పక్కే రుద్దాలి. రుద్దుతుంటే వేలికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది, ఆ నల్లతొక్క పోయి లోపలి తెల్లటి పప్పు బయటపడుతుంది. అదే గవ్వ నోరన్నమాట. మా అమ్మ ఇప్పటికీ అలా అరగదీసిన పిక్కల్ని పోపుల డబ్బాలో ఒక గిన్నెలో దాచుతుంది.

కాయ బయటి గళ్ళన్నీ చుట్టి, లోపలి వరసలోకి మళ్ళి, నట్టనడిమి గడిలోకి చేరితే పండినట్టు. ‘కాయ’ అనే పేరులోనే ఆ సంగతి ఉంది. పలక మీద తిరుగుతున్నంతసేపూ అది కాయే. ఎవరైనా చంపితే మళ్ళీ మొదటికి రావాలి. నడిమికి చేరిందా, పండు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోలేరు.

సినిమాలో పలకకి కూడా నడిమే గమ్యం. కాకపోతే అక్కడ బొమ్మల్ని మనుషులు జరపరు, పడిన లెక్కని బట్టి అవే జరుగుతాయి. ఇంకో పోలిక చూసి ఆశ్చర్యపోయాను. 1969లో చిన్న ఆలన్ పాచికలు వేస్తే, అయిదో ఎనిమిదో పడేదాకా అడవిలో ఉండాలని పలక మీద అక్షరాలు తేలతాయి. అతన్ని అడవిలోకి లాగేసుకుంటుంది. ఇరవై ఆరేళ్ళ తరవాత పీటర్ వేసిన పందెం అయిదు పడేదాకా రాడు. మా ఇంట్లో కూడా చెమ్మో అష్టో పడితేనే కాయ దిగుతుంది. అంతదాకా ఎన్ని పందాలు వేసినా పక్కన కూర్చోవలసిందే. ఆ కూర్చోవడం ఎంత కష్టమో మా మేనల్లుడి మొహం చూస్తే తెలుస్తుంది.

నేను అడిగేది ఇది. ‘గెలిచాడు’ అంటే ఎవరో ఓడినట్టు. ‘అయిపోయింది’ అంటే ఉత్త ముగింపు. ‘పండింది’లో ఈ రెండూ కావు, ఇంకేదో ఉంది. దాన్ని ఎలా చెప్పాలి?

భీమవరం నుంచి ఒక సభ్యుడు:
చాలా బాగుందండి. కానీ ఈ సినిమాకి దగ్గరైన మన ఆట వైకుంఠపాళి అనుకుంటాను. ఆలన్‌ని పలక లోపలికి లాగేసిందన్నారే, దానికి మనకి తయారుగా మాట ఉంది: పాము మింగింది. పైదాకా వెళ్ళినవాణ్ణి పెద్దపాము మింగి కిందకి దింపేసినప్పుడు చిన్నప్పుడు నేను నిజంగా ఏడ్చేవాణ్ణి. ఇంకోటి, పీటర్ కావాలని పన్నెండు పడేలా పాచికలు వదిలి కోతిగా మారిపోతాడు చూడండి. అది చూసి మా అబ్బాయి “తొండి చేశాడు, అందుకే” అన్నాడు. ‘మోసం’ అనలేదు. మోసం పెద్దవాళ్ళ వ్యవహారం, తొండి ఆటలోదే.

రాజమండ్రి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
అమ్మా, అన్నదమ్ములు, పాచికలు, అడవి అనగానే మాకు ముందు గుర్తొచ్చేది సభాపర్వమే. మా ఊళ్ళోనే రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ గారు తెనిగించిన పర్వం. అనుద్యూతంలో ఓడి అయిదుగురూ పన్నెండేళ్ళు అడవికీ, ఒక ఏడాది అజ్ఞాతానికీ వెళ్ళారు. కానీ అది జూదం. జూదంలో ఒడ్డడం, ఓడడం, గెలవడం ఉంటాయి. ఒకడి గెలుపు ఇంకొకడి ఓటమి. అరుగు మీది ఆటలో ఒకరి కాయ పండాక కూడా మిగతావాళ్ళు ఆడుతూనే ఉంటారు. అందుకే మీ మేనకోడలికి ‘గెలుపు’ తట్టలేదు. మాటని సరైన చోటే వాడింది.

నరసాపురం నుంచి ఒక సభ్యురాలు:
పంటలు వేసుకోవడం మరిచిపోయారండీ! దాగుడుమూతలకి ముందు ముగ్గురం చేతులు పట్టుకుని ఊపి, అరచెయ్యి పైకో కిందకో పెట్టేవాళ్ళం. ఎవరి చెయ్యి వేరుగా పడితే వాళ్ళు పండినట్టు. “నేను పండేశా” అని గంతులేసుకుంటూ పక్కకి వెళ్ళిపోయేవాళ్ళం. చివరికి పండనివాడే దొంగ. అక్కడ పండేది మనిషి, మీ ఆటలో పండేది కాయ. ఇంకో సంగతి, మా ఇంట్లో “నాలుగు కాయలూ పండించుకున్నాను” అని కూడా అంటాం. కాబట్టి ‘పండింది’ అన్నారు కదా అని కాయ తనంతట తానే పండుతుందనుకోవడానికి లేదు.

మళ్ళీ నేను:
పంటల సంగతి రాసినందుకు నరసాపురం అక్కకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నేను నిజంగా మరిచిపోయాను. ‘పండించుకున్నాను’ కూడా ఒప్పుకుంటున్నాను. అయితే అందులో కూడా రైతు మాటే వినిపిస్తోంది నాకు. రైతు పంట పండించాను అంటాడు, కానీ దుక్కి దున్ని నీరు పెట్టడం వరకే అతని పని. గింజ గట్టిపడడం అతని చేతిలో లేదు. గవ్వలు వెయ్యడం వరకే మన పని, ఏం పడుతుందో మన చేతిలో లేదు.

మా అన్నయ్యకి రావులపాలెం వైపు అరటితోట ఉంది. గెల కోసి తెచ్చి గడ్డిలో పెట్టి మగ్గబెడితే దాన్ని ‘మగ్గింది’ అంటాడు. చెట్టునే పసుపు తిరిగితే ‘పండింది’ అంటాడు. రెండూ చివరికి తినేవే, కానీ మగ్గడానికి మనం తొందరపెట్టాలి, పండడానికి ఆగాలి. పీటర్ చేసినది మగ్గబెట్టబోవడం. అందుకే ఆట ఒప్పుకోలేదని మా పిల్లలకి చెప్పాను. వాళ్ళకి వెంటనే అర్థమైంది.

పాము మింగడం గురించి భీమవరం వారితో నాకు పేచీ లేదు, ఆలన్ లోపలికి వెళ్ళడానికి అంతకంటే మంచి మాట లేదు. కానీ బయటికి రావడానికి వైకుంఠపాళిలో మాట లేదు. పాము మింగినవాణ్ణి కిందకి దింపుతుందే గాని, పోయిన ఏళ్ళు తిరిగివ్వదు. సినిమాలో ఆలన్ బొమ్మ ఒక్కటి నడిమికి చేరగానే ఏనుగులూ, కోతులూ, వేటగాడూ అందరూ పలకలోకి పోతారు. ఆలన్, అప్పట్లో అతనితో ఆట మొదలుపెట్టిన సారా మళ్ళీ 1969లో పిల్లలుగా ఉంటారు. ఒక్కరిది పండితే అందరూ బయటపడ్డారు. అష్టాచెమ్మాలో అలా జరగదు. పంటల్లోనూ జరగదు, పండినవాడు పక్కకి పోతాడు, మిగతావాళ్ళు అక్కడే.

అలాంటి పండడం ఎక్కడుందా అని రెండు రోజులు ఆలోచించాను. అమ్మే చెప్పింది, బియ్యం ఏరుతూ. “నోము పండింది అంటాం కదే. పట్టేది ఒక్కత్తే, ఫలం ఇంటిల్లిపాదికీ.” ఆ మాట విన్నాక నాకింక వేరే మాట వెతకాలనిపించలేదు. కడుపు పండింది అన్నా, పెళ్ళికూతురి చేతికి గోరింటాకు పండింది అన్నా ఆ సంతోషం ఒక్కరి దగ్గర ఆగదు, చూసేవాళ్ళందరికీ పాకుతుంది.

ఈ సాయంత్రం పిల్లలు అరుగు మీద సుద్దతో గళ్ళు గీశారు. మేనకోడలు నడిమి గడిలో పెద్ద అక్షరాలతో ‘జుమాంజీ’ అని రాసింది. మా ఇంట్లో ఆ గడికి వేరే పేరు లేదు, పండే గడి అంటాం అంతే. లంకల్లోనూ, యానాం వైపూ, పాలకొల్లు వైపూ దాన్ని ఏమని పిలుస్తారో రాయండి. ఇప్పటికి మేనల్లుడికి పదకొండు పందాలు అయ్యాయి, ఇంకా చెమ్మా లేదు, అష్టా లేదు.