మన విశాఖ పద్యాల గుంపులో ఈ వారం సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి; సభ్యుల పేర్లకు బదులు వాళ్ళ పేటల పేర్లు): "ఊరు సీసలోన నొదిగిపోయె"

సీతమ్మధార (మోడరేటర్): అటక సర్దుతుంటే మా అబ్బాయి చిన్నప్పటి సూపర్‌మ్యాన్ కామిక్ దొరికింది. 1958లో వచ్చిన కథ. పుట్టిన గ్రహం క్రిప్టాన్ పేలిపోయింది, నావాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు అనుకుని బతుకుతున్న సూపర్‌మ్యాన్‌కి శత్రువు బ్రెయినియాక్ అంతరిక్ష ఓడలో ఒక గాజు సీసా కనబడుతుంది. అందులో కాండోర్, క్రిప్టాన్ నగరం, వీధులతో మనుషులతో సహా చిన్నదైపోయి బతికే ఉంది! అటక మీదే కూర్చుని మొత్తం చదివేశాను. సమస్య అక్కడే పుట్టింది. అదే కథ రాయాలని లేదు. శనివారం రాత్రిలోగా పంపండి.

గాజువాక:

గ్రహము పగిలె, వాడు గగనాన నొంటిగా
తిరుగుచుండ నొక్క దినమునందు
శత్రువోడలోన జన్మభూమిని గాంచె
ఊరు సీసలోన నొదిగిపోయె

భీమిలి: "గగనాన నొంటిగా" దగ్గర ఆగి రెండుసార్లు చదివాను, బాగుంది. కానీ గాజువాక తమ్ముడూ, ఇది పూరణ అనిపించుకోదు. చిక్కుముడిని మోడరేటర్ గారే విప్పేశారు, నువ్వు దాన్ని గణాల్లో కూర్చావు, అంతే. ఆ కథల్లోనే ఇంకో సీసం ఉంది చూడు. సూపర్‌మ్యాన్ చూపు దేన్నైనా దాటుతుంది, సీసం లోహాన్ని తప్ప.

కొండ దాటి చూచు గురిగల కన్నులె
చూడలేకపోయె సొంతవారి
లోహమొకటి యడ్డు లోకమ్ము మరుగయ్యె
ఊరు సీసలోన నొదిగిపోయె

గాజువాక: మేష్టారూ, ఊహ అద్భుతం. ఒప్పుకుంటున్నాను. కానీ లోహమైతే "సీసములోన" అనాలి కదండీ? ఆ "ము" ఎక్కడికి పోయింది? ఉగాది సమస్యలో నేను ఒక్క అరసున్న వదిలేస్తే నాలుగు రోజులు నన్ను వదల్లేదు మీరు.

భీమిలి: ఆ అరసున్నతో అర్థమే మారింది కాబట్టి చెప్పాను. "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే అంకె. కొత్త ఏడాది పద్యంలో ఏడు అంకె వచ్చి కూర్చుంటే ఎలా ఊరుకోను? ఇక్కడ "సీసపద్యం" అన్నట్టే "సీస" అన్నాను.

గాజువాక: సీసపద్యం సమాసం. "లోన" సమాసం కాదు.

సీతమ్మధార (మోడరేటర్): ఈసారి గాజువాక మాటే నెగ్గింది. ఊహకి మార్కులు మేష్టారివి. ఉగాది గొడవ ఇక చాలు.

కంచరపాలెం: నేను ఈ గుంపులో కొత్త. మాది బర్మా క్యాంపు. మా మామ్మ 1960ల్లో రంగూన్ నుంచి ఓడలో వచ్చింది. హార్లిక్స్ సీసాలో అక్కడి పెరటి మట్టి తెచ్చుకుంది. రేకు మూత తుప్పుపట్టి, తిప్పితే కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే పక్కిళ్ళ ముసలివాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అందరూ ఆ ఓడల మీద వచ్చినవాళ్ళే. బర్మా మాటలు కలిపి మాట్లాడుకుంటుంటే మాకు సగం అర్థమయ్యేది కాదు. కాండోర్ అనగానే నాకు ఆ సీసాయే గుర్తొచ్చింది.

ఓడ దిగిన మామ్మ యొడిలోన దాచిన
గాజుబుడ్డి మట్టి తడిమి చూడ
వాడలోన నున్న వారంత మనవారె
ఊరు సీసలోన నొదిగిపోయె

గాజువాక: మూడో పాదం చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

భీమిలి: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కలవాలన్న నియమం) తప్పింది. "గా"కి "త" చెల్లదు. "కదిపి చూడ" అంటే సరిపోతుంది.

కంచరపాలెం: సరిపోతుందండీ, కానీ మామ్మ కదపలేదు. కదిపితే మట్టి గాజుకి అంటుకుని తగ్గిపోతుందని భయం. రెండు వేళ్ళతో పైపైన తడిమి, ఆ వేళ్ళు చెంగుకి కూడా తుడుచుకునేది కాదు.

గాజువాక: మేష్టారూ, ఈ ఒక్క పద్యానికి యతి వదిలేద్దామా?

భీమిలి: యతి వదలక్కర్లేదు, తడమడమూ వదలక్కర్లేదు. మారాల్సింది పాదం మొదలు. "తల్లిగడ్డ మట్టి తడిమి చూడ." సీస ఎలాగూ చివర వస్తుంది, బుడ్డి పోయినా నష్టం లేదు.

కంచరపాలెం: రంగూన్‌ని తల్లిగడ్డ అనొచ్చా అండీ? ఇక్కడికి వచ్చాక అందరూ "సొంత దేశానికి వచ్చారు" అనేవారట.

భీమిలి: మామ్మ పుట్టింది ఎక్కడమ్మా?

కంచరపాలెం: అక్కడే. ఓడ దిగేదాకా విశాఖపట్నం చూడనేలేదు.

గాజువాక: 1959లో సూపర్‌మ్యాన్‌కి వరసకి చెల్లెలు కారా వచ్చింది కదా, సూపర్‌గర్ల్. అతను పసిబిడ్డగా వచ్చాడు, ఆవిడ క్రిప్టాన్ నగరం ఆర్గో సిటీలో పుట్టి పెరిగి వచ్చింది. మామ్మది కారా కథ.

భీమిలి: అయితే సందేహం దేనికి? తల్లిగడ్డే. ఇందాక లోహం లోహం అన్నానే, ఆ పూరణ నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వారానికి ఇది చాలు. మొత్తం ఒకసారి సరిచేసి పెట్టమ్మా.

కంచరపాలెం:

ఓడ దిగిన మామ్మ యొడిలోన దాచిన
తల్లిగడ్డ మట్టి తడిమి చూడ
వాడలోన నున్న వారంత మనవారె
ఊరు సీసలోన నొదిగిపోయె