ట్రైనర్ మీద వాట్లు మారకపోయినా గుండె వేగం పెరుగుతోంది, ఎందుకు?

చలిపెడల్: జూన్‌లో ఒలింపిక్ డిస్టెన్స్ రేసు: 1.5 కి.మీ. ఈత, 40 సైకిలు, 10 పరుగు. బయట మైనస్ 12 కాబట్టి సైకిలంతా గదిలో ట్రైనర్ (సైకిలును కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీదే. 180 వాట్ల దగ్గర మొదట గుండె 138 కొడుతుంది, నలభై నిమిషాలకు 155. ఫిట్‌నెస్ తగ్గినట్టా? గడ్డకట్టిన రోడ్డు మీద పరుగుకు మార్గం ఏమైనా ఉందా?

గేరుమార్చు: ఫిట్‌నెస్ కాదండీ, గాలి. బయటైతే ఎదురుగాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరుతుంది. గదిలో అది కారి నేలపాలవుతుందే తప్ప ఒంటిని చల్లబరచదు. రక్తం చర్మం వైపు మళ్లుతుంది, ఒక్కో దెబ్బకు గుండె పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి అది వేగం పెంచుతుంది. సీలింగ్ ఫ్యాన్ చాలదు. పెద్ద స్టాండు ఫ్యాను ఎదురుగా పెట్టి గాలి ఛాతీకి తగిలేలా తిప్పండి, హీటరు ఆపి కిటికీ ఓరగా తెరవండి. మొదటి అయిదు నిమిషాలు చలేస్తే సరిగ్గా కుదిరినట్టే. గంటకు 500–750 మి.లీ. నీళ్లు, కాస్త ఉప్పు కలిపి.

బయట తేల్చిన ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ వాట్లు) లోపల సరిపోకపోవచ్చు. ట్రైనర్ మీదే 20 నిమిషాల టెస్టు చేసి, సగటు వాట్లలో 95 శాతం తీసుకోండి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది: చెమట ఉప్పు హ్యాండిల్ టేపు కిందికి దిగి అల్యూమినియం బారును తినేస్తుంది. పైకి ఏమీ కనబడదు. బారు మీద తువ్వాలు కప్పండి, దిగగానే తడిగుడ్డతో తుడవండి, చలికాలం అయ్యాక టేపు విప్పి చూడండి. తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తే బారు మార్చాల్సిందే.

మంచుబాట: పరుగుకు పాత బూట్లు తీసుకుని, ఆరు మూలల తలున్న పొట్టి షీట్‌మెటల్ స్క్రూలు, సుమారు 10 మి.మీ.వి, అడుగున మందంగా ఉన్న చోట్ల బిగించండి. ఒక్కో బూటుకు 12–16, అంచుల వెంట. అంగలు చిన్నవిగా వేయండి. ఎదురుగాలిలో బయల్దేరి వాలుగాలిలో తిరిగి రండి. చెమట పట్టాక ఎదురుగాలి తగిలితే ఒళ్లు గడ్డకడుతుంది.

అలలలెక్క: పూల్ ఈతనే నమ్ముకుంటే చెరువులో ఇబ్బందే, అక్కడ తన్ని తోసుకోవడానికి గోడ ఉండదు. పూల్‌లోనే ఆరేడు బారలకోసారి తలెత్తి ఎదురుగా చూడటం అలవాటు చేసుకోండి. వసంతంలో చన్నీళ్లలో దిగేటప్పుడు వెట్‌సూట్, నియోప్రీన్ రబ్బరు టోపీ వేసుకోండి, ఒంటరిగా వద్దు. ముందు ముఖం తడిపి, ఊపిరి కుదుటపడేదాకా రెండు మూడు నిమిషాలు తేలుతూ ఉండండి. బయటికొచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కాసేపు పడిపోతూనే ఉంటుంది. వెంటనే తుడుచుకుని పొడిబట్టలు వేసుకోండి, కారు నడపడం ఆ తర్వాతే.

చలిపెడల్: బాగా అరిగిన బూట్లున్నాయి. స్క్రూలకు పనికొస్తాయా?

మంచుబాట: పనికిరావు. అడుగు పలచబడితే మొన పాదానికి గుచ్చుకుంటుంది. చెయ్యి లోపల పెట్టి తడిమి చూశాకే తొడగండి. ఇంట్లో టైల్స్ మీద మాత్రం వాటితో నడవకండి, మంచుకన్నా ఎక్కువ జారతాయి.