మేనకోడలికి క్లబ్ పిలుపు, ఉద్యోగం సెలెక్షన్ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు?

పాలకొల్లు మావయ్య:
మా మేనకోడలికి పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో ఏడు. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం మధ్యలో ఆడుతుంది. మా ఊళ్లో గ్రౌండ్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోసిన చేలే. ఎండాకాలం నేల నెర్రెలిచ్చి, బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. అక్కడ నేర్చుకుని యూనివర్సిటీ జట్టు దాకా వెళ్లింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలోని ఒక క్లబ్ ట్రయల్స్‌లో చూసి ఒక సీజన్‌కి కాంట్రాక్టు ఇస్తానంది. అదే నెలలో కేంద్ర బలగాల్లో స్పోర్ట్స్ కోటా సెలెక్షన్. ఆ తేదీలు సరిగ్గా క్లబ్ క్యాంపు మధ్యలో పడ్డాయి. బావగారు ఉద్యోగం అంటున్నారు. పిల్ల క్లబ్ అంటోంది. అక్క ఎవరితోనూ ఏమీ అనదు, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేస్తుంది. మీరేమంటారు? పెళ్లి చేసెయ్యండి అనేవాళ్లు దయచేసి వేరే పని చూసుకోండి.

భీమవరం రొయ్య:
ఉద్యోగమేనండి. ఇందులో చర్చ ఏముంది? మన దేశంలో ఆడవాళ్ల లీగ్ 2024-25 సీజన్ చూడండి. 8 జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు, జనవరిలో మొదలై ఏప్రిల్లో అయిపోయింది. మిగతా ఎనిమిది నెలలు ఇంట్లో బియ్యం ఎవరు పోస్తారు? రిస్క్ గురించి నాకు చెప్పక్కర్లేదు, రొయ్యలు పెంచేవాణ్ణి. కానీ చెరువు పోతే మళ్లీ రొయ్య పిల్లలు వేస్తాను. మోకాలు పోతే?

కువైట్ కోనసీమ:
అన్నా, మన వైపు ఎన్ని ఇళ్లు గల్ఫ్ కాంట్రాక్టుల మీద నిలబడ్డాయో మీకు తెలుసు. రెండేళ్ల వీసా మీద, ముఖం తెలియని ఇంట్లో పనికి నన్ను పంపినప్పుడు పింఛను ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల బంతి ఆడతానంటే మాత్రం అందరికీ భద్రత గుర్తొచ్చింది.

భీమవరం రొయ్య:
అది వేరమ్మా, ఇది వేరు.

కువైట్ కోనసీమ:
ఎలా వేరో చెప్పండి.

పాత ఆరో నంబరు:
నేనూ మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాను, ఇప్పుడు బడిలో పీఈటీని. ఇద్దరూ ఆట సంగతి వదిలేశారు. మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కి పది కిలోమీటర్లు పరిగెత్తాలి, అది పిల్లకి ఇప్పుడే వస్తుంది. బంతి కాలికి చేరకముందే భుజం మీంచి వెనక్కి చూసి, ఎవరెక్కడున్నారో లెక్క కట్టడం మాత్రం ఏళ్ల మీద వస్తుంది. బ్రెజిల్ ఫోర్మిగా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌లో ఉండి 7 ప్రపంచ కప్పులు ఆడింది, 1995 నుంచి 2019 దాకా. చివరిదానికి ఆమెకి 41 ఏళ్లు. అందుకే ఈ సీజన్ దాటితే బతుకు పోయినట్టే అని పిల్ల అనుకోనక్కర్లేదు.

మోకాలి సంగతి మాత్రం నిజం. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగడం ఆడవాళ్లలో మగవాళ్లకంటే ఎక్కువ. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పుతెయాస్‌కి 2022లో యూరప్ దేశాల కప్పు యూరో ముందు తెగింది. అప్పటికి ఆమె ప్రపంచంలో ఉత్తమ ఆటగత్తెకిచ్చే బాలన్ డోర్ అవార్డు గెలిచి ఉంది. మరుసటి ఏడాది తిరిగొచ్చి ప్రపంచ కప్ గెలిచిన జట్టులో నిలబడింది. వెనక పెద్ద క్లబ్, డాక్టర్లు ఉన్నారు కాబట్టి. నా మోకాలు వాచినప్పుడు మా జట్టువాళ్లు ఐస్ పెట్టుకోమన్నారు. అంతే.

ఇంకో మాట. 2025 జులైలో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్‌కి అర్హత సాధించారు. ఆ రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్‌వే. ఆమెకి కేంద్ర బలగమైన ఎస్‌ఎస్‌బీలో ఉద్యోగం ఉంది. ఉద్యోగం చేస్తే ఆట పోతుందని పిల్లకి ఎవరు చెప్పారు?

రాజమండ్రి రైలు:
నేను చెప్తాను, టీచర్ గారూ. కోటాలో చేరాక ముందు డిపార్ట్‌మెంట్ జట్టుకే ఆడాలి. క్లబ్‌కి ఆడాలంటే ఎన్‌ఓసీ, అంటే డిపార్ట్‌మెంట్ అనుమతి కాగితం కావాలి. సంతకం పెట్టే అధికారికి ఆటంటే ఇష్టముంటే సరే. లేకపోతే ఫైలు టేబుల్ మీదే నిద్రపోతుంది, సీజన్ అయిపోతుంది. మా ఆఫీసులోనే చూశాను. సంగీత పేరు చెప్పడం తేలిక.

పాత ఆరో నంబరు:
ఒప్పుకుంటాను. అయినా ఎన్‌ఓసీ రాకపోతే ఒక సీజన్ పోతుంది. కాంట్రాక్టు కాగితం చూడకుండా వెళ్తే ఇంకా పోతాయి. ఐస్‌లాండ్ మిడ్‌ఫీల్డర్ సారా బ్యోర్క్ గర్భంతో ఉన్నప్పుడు ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్ పూర్తి జీతం ఇవ్వలేదు. ఆమె ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా దగ్గరికి వెళ్లి 82 వేల యూరోలకు పైగా రాబట్టింది. ప్రసూతికి కనీసం 14 వారాలు, జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలని 2021 నుంచి నియమం ఉండబట్టే అది కుదిరింది. పంతొమ్మిదేళ్ల పిల్లకి ఇప్పుడు అదెందుకు అంటారేమో. కాగితం మీద రాసి ఉన్నదే చేతికొస్తుందని చెప్పడానికి. మావయ్య గారూ, ఆపరేషన్ ఖర్చు ఎవరిదో, సెలెక్షన్‌కి నాలుగు రోజులు వదులుతారో లేదో క్లబ్‌ని రాతపూర్వకంగా అడగండి.

భీమవరం రొయ్య:
అడిగితే ఈ పిల్ల తలనొప్పి అని ఇంకొకళ్లని తీసుకుంటారు.

కువైట్ కోనసీమ:
అడగనందుకు నేను ఏడు నెలలు జీతం లేకుండా పనిచేశాను. అడగమనండి.

పాలకొల్లు మావయ్య:
అందరికీ నమస్కారం. నిన్న ఫోన్ చేశాం, స్పీకర్ పెట్టి. నేను మాట్లాడదామనుకుంటే పిల్లే లాక్కుంది. నాలుగు రోజుల సెలవు సంగతి చూద్దాం అన్నారు. మోకాలికి దెబ్బ తగిలితే ఆపరేషన్ ఎవరు చేయిస్తారు సార్ అని అడిగింది. కాసేపు అవతల మాట లేదు. తర్వాత మెయిల్ పెడతామన్నారు. బావగారు అంతసేపూ పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు, పేజీ తిప్పలేదు.

మెయిల్ ఇంకా రాలేదు. సెలెక్షన్‌కి పదకొండు రోజులుంది. రెండు వైపులకీ రైలు టిక్కెట్లు తీసి పెట్టాను. ఒకటి క్యాన్సిల్ చేసుకోవాలి.

భీమవరం రొయ్య:
క్యాన్సిల్ చేసినందుకు పోయే డబ్బులు నేనిస్తానండి. ఉద్యోగం టిక్కెట్టు మాత్రం ఉంచండి.