ఆంధ్రలో నగరాల జనాభా ర్యాంకు: కార్పొరేషన్ లెక్కా, యూఏ లెక్కా?

లెక్కలపిచ్చి: 2011 జనగణనలో విశాఖ కార్పొరేషన్ 17.28 లక్షలు, విజయవాడది 10 లక్షల చిల్లర. ఇది చూపించి బెజవాడ చిన్నదంటే ఒప్పుకోను. విశాఖ 2005లోనే గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపేసుకుంది. విజయవాడకు ఆనుకునే ఉన్న కానూరు, పోరంకి, తాడిగడప కార్పొరేషన్ బయటే ఉండిపోయాయి. ఏటి అవతలి తాడేపల్లి, మంగళగిరి సరేసరి. ఊరితోపాటు దాన్ని అంటుకున్న పట్టణాలనూ లెక్కేసే యూఏ (అర్బన్ అగ్లోమరేషన్) ప్రకారం విజయవాడ 14 లక్షలు దాటింది.

సాగరతీరం: యూఏకి మేయరున్నాడా, కమిషనరున్నాడా? నీళ్లిచ్చేది, పన్ను కట్టించుకునేది కార్పొరేషనే. పైగా యూఏలోనూ విశాఖే పైన. ర్యాంకు మారనప్పుడు ఈ గొడవెందుకండీ?

లెక్కలపిచ్చి: పైన మారదు, కింద చూడండి. కార్పొరేషన్ లెక్కలో కడప, రాజమండ్రి చెరి 3.4 లక్షలు, కాకినాడ 3.1, తిరుపతి 3 లక్షల లోపే. యూఏలో రాజమండ్రి 4.7, తిరుపతి 4.6, కాకినాడ 4.4. కడప మాత్రం 3.4 దగ్గరే ఆగింది. ఎందుకంటే దాని విస్తీర్ణమే 164 చ.కి.మీ., ఊరంతా ఆ హద్దుల్లోనే ఇమిడిపోయింది. తిరుపతిది అప్పట్లో 27. ఇక మేయరు మాటంటారా, 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు నిధులిచ్చింది యూఏ చూసే.

పాత_దస్త్రం: యూఏని మరీ నెత్తిన పెట్టుకోకండి. మున్సిపాలిటీ కాని ఊరు జనగణన పట్టణం కావాలంటే 5,000 జనం, చ.కి.మీ.కి 400 మంది, మగ పనివాళ్లలో 75 శాతం వ్యవసాయేతరులు ఉండాలి. ఒక్కటి తగ్గినా అది పల్లే. అపార్ట్‌మెంట్లు లేచినా అంతే.

అసలు పొరపాటు హద్దుల దగ్గర జరుగుతుంది. గుంటూరులో 2012లో 10 పంచాయతీలు కలిపారు. అదే 2011 లెక్క 6.5 లక్షల నుంచి 7.4కి ఎగబాకింది, ఒక్క బిడ్డ పుట్టకుండానే! దాన్ని పెరుగుదలగా రాసేవాళ్లున్నారు. పోల్చేముందు రెండు అంకెలూ ఏ నాటి హద్దులవో చూడాలి. యూఏ పట్టికలో ఏయే ఊళ్లున్నాయో విప్పి చూడాలి. యూఏ మొత్తం అంకెకు మళ్లీ అందులోని పట్టణాన్నే కలిపితే దాని జనం రెండుసార్లు లెక్కలో పడతారు.

సాగరతీరం: మరి మంగళగిరి, తాడేపల్లి ఇప్పుడు కలిసి వేరే కార్పొరేషన్ కదా. కొత్త జనగణనలో బెజవాడ యూఏలో ఉంటాయా?

పాత_దస్త్రం: వేరే కార్పొరేషన్ అవడం అడ్డు కాదు. ముంబై యూఏలో ఠాణే, కల్యాణ్-డోంబివిలి లేవూ?