ఓపెన్ డేటాతో వేసిన మ్యాప్ ఫ్లెక్స్ మీద డేటా ఇచ్చినవాళ్ల పేర్లు ఎలా రాయాలి?

నరసన్నపేట మాస్టారు
అందరికీ నమస్కారం. మా క్లాసు పిల్లలతో కలిసి వంశధార ఒడ్డు ఊళ్ల మ్యాప్ వేశాను. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లు చూసేలా ఆరడుగుల ఫ్లెక్స్ కొట్టించాలని ఉంది. దారులు, చెరువులు జనమే గీసే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌వి. జనాభా 2011 జనగణనది. తేలినీలాపురం కొంగల ఫొటో, అందరూ వాడుకోగల ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌లో దొరికింది. ఫ్లెక్స్ కొట్టే అబ్బాయి "అన్నీ ఫ్రీయే కదా మాస్టారూ, పేర్లెందుకు, జాగా దండగ" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. "సేకరణ: ఇంటర్నెట్" అని వేస్తే సరిపోతుందా?

సోంపేట
సరిపోదు మాస్టారూ. ఎవరి దగ్గర తెచ్చారో అందులో తెలియదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్స్) కింద ఉంది. డబ్బు అడగరు, పేరు చెప్పమంటారు. మ్యాప్ మూలన "© ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు" అని వేయండి. ఫ్లెక్స్ మీద లింకు నొక్కలేరు కాబట్టి, వాళ్ల కాపీరైట్ పేజీ అడ్రసు పూర్తిగా అచ్చు వేయించండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు లేని రోజుల్లో మా ఊరి సందులన్నీ నడిచి నోట్‌బుక్‌లో గీసుకున్నాను. రామాలయం వెనక సందు బావి దగ్గర వంపు తిరుగుతుంది, దానికే రెండుసార్లు వెళ్లాను. కరెంటొచ్చాక ఒక్కొక్కటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించాను. తర్వాత ఒక ప్లాట్ల బ్రోచర్‌లో అదే వంపు కనిపించింది, కింద వాళ్ల పేరు ఒక్కటే ఉంది. చాలా బాధేసింది. నా పేరు కోసం కాదు. ఆ ఒక్క లైను ఉండుంటే, అది చూసి ఇంకో ఊరి కుర్రాడు తన వీధి గీసేవాడు.

విజయనగరం
ఫొటోకి తీసినవారి పేరు, లైసెన్సు పేరు రెండూ కావాలి. రెండూ ఆ ఫొటో పేజీలోనే ఉంటాయి. కత్తిరించినా, రంగు మార్చినా ఆ మాట కూడా రాయాలి.

జనాభా పక్కన "జనగణన 2011" తప్పనిసరి. జిల్లా మొత్తం వేస్తున్నారా? 27,03,114 అనేది పాత శ్రీకాకుళం జిల్లా లెక్క. 2022 ఏప్రిల్‌లో పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. సంవత్సరం లేకపోతే చూసినవాళ్లు ఇప్పటి జిల్లాదే అనుకుంటారు.

నరసన్నపేట మాస్టారు
జిల్లా లెక్క వేశాను, సంవత్సరం వేయలేదు. ఇప్పుడే సరిచేశాను. ఫొటో ఒక పక్క కత్తిరించాను, అదీ రాస్తాను. కింద పట్టీ నాలుగంగుళాలు పెంచమన్నాను, నిలబడి చదివేంత అక్షరాలతో.

సోంపేట తమ్ముడూ, మ్యాప్‌లో మా చెరువులు రెండింటికి పేర్లు లేవు. పిల్లలకి తెలుసు. ఎలా ఎక్కించాలో చెప్తావా?