"దయచేసి" అంటే ఏఐ బాగా చెబుతుందా?

రైల్వే స్టేషన్లో "దయచేసి వినండి" అన్న అనౌన్స్‌మెంట్ వింటూ పెరిగాం. కానీ ఇంట్లో అన్నం తింటూ "దయచేసి ఉప్పు ఇవ్వండి" అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో "కాస్త ఆ ఉప్పు ఇటివ్వమ్మా" అనేవారు. ఈమధ్య చాట్‌జీపీటీకి తెలుగులో ఏం రాసినా ముందు "దయచేసి" పెడుతున్నానని గమనించాను. అందుకే ఈ మాట గురించి మన గ్రూపులో అడగాలనిపించింది.

"దయచేయు"కి చాలా అర్థాలున్నాయి. "వరం దయచేయి తల్లీ" అంటే ఇవ్వమని. "లోపలికి దయచేయండి" అంటే రమ్మని. "ఇక దయచేయండి" అంటే వెళ్లమని, అదీ కాస్త కోపంగా. వాక్యం మొదట్లో విడిగా నిలబడే "దయచేసి" మాత్రం ఇంగ్లీషు ప్లీజ్ పని చేయడానికే ఇంతగా వాడుకలోకి వచ్చిందని నా అభిప్రాయం. మన మర్యాద క్రియ చివర ఉంటుంది. చెప్పు, చెప్పండి, చెబుతారా, చెప్పరూ! ఆ "చెప్పరూ"లో ఉన్న బతిమాలడం పది "దయచేసి"లు పెట్టినా రాదు.

మరి ఏఐకి ఏది పనికొస్తుంది?

ఒక సభ్యురాలి జవాబు:
దీని మీద పరీక్షలు జరిగాయండి. 2024లో జపాన్‌లోని వాసెడా యూనివర్సిటీ, రికెన్ అనే పరిశోధన సంస్థల పరిశోధకులు ఇంగ్లీషు, చైనీస్, జపనీస్ భాషల్లో చూశారు. మొరటుగా అడిగితే జవాబులు తరచూ దెబ్బతిన్నాయి, అలాగని అతి మర్యాద వల్ల మేలు జరుగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ఎంత మర్యాద సరిపోతుందన్నది భాషను బట్టి మారింది. 2025లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 50 ప్రశ్నలను ఐదు రకాల ధోరణుల్లో చాట్‌జీపీటీ-4ఓని అడిగితే, చాలా మర్యాదగా అడిగినప్పుడు 80.8 శాతం, చాలా మొరటుగా అడిగినప్పుడు 84.8 శాతం సరైన జవాబులు వచ్చాయి. 50 ప్రశ్నలతో తేల్చేసే విషయం కాదు గానీ, "దయచేసి" మంత్రం కాదని మాత్రం తెలుస్తోంది. ఈ రెండింటిలోనూ తెలుగు లేదు. జపనీస్‌లో కూడా మనలాగే గౌరవం క్రియలోనే ఉంటుంది కాబట్టి, ఆ ఫలితాలు మనకు ఆసక్తి కలిగించాలి.

మరొకరి జవాబు:
నాకు "గలరు"తోనే ఇబ్బంది. "గమనించగలరు" అని నోటీసుల్లో రాసీ రాసీ అదే మర్యాద అనుకుంటున్నాం. "ఈ పద్యానికి అర్థం చెప్పగలరా?" అంటే చేతనవునా అని అడిగినట్టు. "అర్థం చెప్పండి, సంధులు విడదీయండి, పదో తరగతి పిల్లలకు తెలిసేలా రాయండి" అంటే మర్యాదా ఉంది, పనీ స్పష్టంగా ఉంది.

నేను:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ "చెప్పండి" మాట నాకు బాగా నచ్చింది. నాకు ఎదురైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. "దయచేసి మా అమ్మమ్మకు ఉత్తరం రాయండి" అని అడిగితే, "గౌరవనీయులైన అమ్మమ్మ గారికి, దయచేసి మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అని వచ్చింది. చదువుతుంటే మనసు చివుక్కుమంది. అమ్మమ్మని నేను "నువ్వు" అంటాను, మా ఇంట్లో ఆ "నువ్వు"లోనే ప్రేమ ఉంది. ఆ సంగతి నేను చెప్పనే లేదు, దానికెలా తెలుస్తుంది? నేను ఏఐతో ఎంత మర్యాదగా మాట్లాడాననేది వేరు, ఉత్తరంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారనేది వేరు. రెండోది చెప్పకుండా మొదటిదాని మీదే శ్రద్ధ పెట్టాను.

మళ్లీ ఇలా రాశాను: "మనవరాలు అమ్మమ్మకు రాస్తోంది. నువ్వు అంటుంది. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. మాట్లాడినట్టే ఉండాలి, దయచేసి అనే మాట వద్దు." ఈసారి "అమ్మమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయి? మందులు వేళకి వేసుకుంటున్నావా, లేదా?" అని మొదలైంది. ఆ "లేదా?" దగ్గర మా అమ్మ గొంతు వినిపించింది.

మీ ఇళ్లలో అమ్మమ్మని, నాయనమ్మని ఏమంటారు, నువ్వనా, మీరనా? మీది ఏ జిల్లానో కూడా రాయండి.