సమస్యాపూరణం: అర్ధరాత్రి మింట నర్కుడుండె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. 'అర్కుడు' అంటే సూర్యుడు.

అర్ధరాత్రి మింట నర్కు డుండె

సందర్భం కూడా ఇస్తున్నాను. వేసవి సెలవుల్లో ఒక కుటుంబం నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకు, అక్కడ స్థిరపడిన మిత్రుడి ఇంటికి వెళ్లింది. ఆ ఊరు ఆర్కిటిక్ వృత్తానికి దాదాపు 350 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. మే 20 ప్రాంతం నుంచి జూలై 22 ప్రాంతం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. అంటే ఈ సమస్యలో అసంభవమేమీ లేదు, చెప్పినది చెప్పినట్టు నిజమే. సాధారణంగా ఇలాంటి పాదం ఇస్తే పదాలు విరిచో, కల అనో, ఎవరో పలికిన అబద్ధమనో గట్టెక్కిస్తాం. ఇక్కడ ఆ అవసరం లేదు కనుక పూరణ బలమంతా మనం చూపించే దృశ్యంలో ఉండాలి. ఎవరు చూశారు, ఎవరితో చూశారు అన్నది నాకు ముఖ్యం.

వెన్నెలబాట:
మిత్రు నింటి యెదుట మేలమాడుచు నున్న
పిల్ల లాట మాని పెట్ట రడుగు
లోన, దీప మేల? లోకమే తెల్లనై
అర్ధరాత్రి మింట నర్కు డుండె

అచ్చతెలుగు:
వెన్నెలబాట గారూ, పిల్లలతో మొదలుపెట్టడం చాలా బాగుంది. నిద్రపుచ్చడానికి పెద్దవాళ్లకు ఉండే ఒకే ఒక ఆధారం చీకటి, అది లేకపోతే ఏమవుతుందో రెండో పాదం చెప్పేసింది. 'అడుగు' రెండో పాదంలో ఆగి 'లోన' మూడో పాదంలోకి జారడం కూడా గడప దగ్గర ఆగిపోయిన పిల్లల్లాగే ఉంది. ఒక్క అభ్యంతరం. 'తెల్లనై' అసమాపక క్రియ. వాక్యం ముగియకుండానే తరువాతి పాదం అచ్చుతో మొదలైంది కనుక విసంధి, అంటే జరగాల్సిన సంధి జరగని దోషం. 'తెల్లనై యర్ధరాత్రి' అందామా అంటే ఇచ్చిన పాదం మారిపోతుంది. మూడో పాదాన్ని సమాపక క్రియతో ముగించండి.

వెన్నెలబాట:
'లోన, దీప మేల? లోకమే తెలవారె' అంటే సరిపోతుందా? గణాలూ కుదురుతాయి: లోకమే రగణం, తెలవారె సలము.

అచ్చతెలుగు:
సరిపోవడమే కాదు, అర్థమూ పెరిగింది. రాత్రి జరగకుండానే తెల్లవారింది. ఇదే ఉంచండి.

ఖగోళమిత్ర:
భూమి యిరుసు వంగె, బుధులు లెక్కించగా
నిరువదియును మూడు నించుకంత;
దాని వలన నచట దరి దాటలేదాయె;
అర్ధరాత్రి మింట నర్కు డుండె

ఇందులో లెక్క ఇది. భూమి ఇరుసు వంపు 23.4 డిగ్రీలు. ట్రోమ్సో అక్షాంశం 69.6 డిగ్రీలు దాటింది కనుక జూన్ 21 ప్రాంతంలో నడిరేయి సూర్యుడు దిగంతానికి సుమారు మూడు డిగ్రీల ఎత్తున ఉంటాడు. పైగా దిగంతం దగ్గర వాతావరణం కాంతిని వంచి సూర్యబింబాన్ని అర డిగ్రీకి పైగా లేపి చూపుతుంది. అందుకే ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణాన కూడా ఈ వింత కనిపిస్తుంది. మన ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతంలోని భూగోళాధ్యాయం మేరువు మీద, అంటే ఉత్తర ధ్రువం దగ్గర, ఉన్న దేవతలకు సూర్యుడు ఆరు నెలలు ఎడతెగక కనిపిస్తాడని చెప్పింది. అక్కడికి ఎవరూ వెళ్లకుండానే, గోళగణితంతో చేరిన మాట అది. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నిర్వాహకుడు:
ఖగోళమిత్ర గారూ, 23.4ను 'ఇరువదియును మూడు నించుకంత' అని ఆటవెలదిలో ఒదిగించడం నాకు ఎంతో నచ్చింది. దశాంశాన్ని 'ఇంచుకంత' అనడంలో శాస్త్రమూ చెడలేదు, తెలుగూ చెడలేదు. కానీ 'వంగె' అంటే ఏదో ఒక రోజున వంగినట్టు ధ్వనిస్తుంది. 'భూమి యిరుసు వంపు బుధులు లెక్కించగా' అంటే గణాలు చెడవు, అన్వయం కుదురుతుంది. అసలు లోటు మాత్రం వేరే. మీ పద్యంలో మనుషులు లేరు. ప్రయాణం చేసిన కుటుంబమూ లేదు, తలుపు తీసిన మిత్రుడూ లేడు. మీరు పద్యం కింద రాసిన వచనంలో ఉన్న ఆ పులకరింత పద్యంలోకి రావాలి.

దూరతీరం:
దూరమందు నున్న తోడికిం జెప్పితి
నిదురవేళ యనుచు, నేస్త మపుడు
ఫోనులోన దనదు పురమును జూపించె;
అర్ధరాత్రి మింట నర్కు డుండె

హిమగిరి:
నడక సాఫీగా ఉంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండాల్సిన మైత్రి) కుదిరాయి. అయితే ఇందులో ప్రయాణమే జరగలేదు. భూగోళానికి అవతలి వైపున్న ఏ నగరం నుంచి ఫోను వచ్చినా ఈ పద్యం చెల్లుతుంది. అప్పుడు ఉత్తరానికి ప్రత్యేకత ఏముంది? ఇచ్చిన పాదంలోని అర్ధరాత్రి, అర్కుడు ఒకే ఆకాశం కింద ఉండాలి.

దూరతీరం:
అంగీకరిస్తున్నాను. మరో పూరణతో వస్తాను.

పాతబంగారం:
ఇనుని గమన మేమొ యెఱుగక మాయమ్మ
పడమరంత వెదకి బడలిపోయె
నుత్తరంపు దిక్కు నొకపరిఁ గనుమంటి;
అర్ధరాత్రి మింట నర్కు డుండె

నిర్వాహకుడు:
పాతబంగారం గారూ, ఈ పద్యం దగ్గర ఆగిపోయాను. నడిరేయి సూర్యుడు కనిపించేది ఉత్తర దిక్కున. అక్కడ సూర్యుడు పడమట దిగకుండా వాలుగా జారుతూ ఉత్తరానికి వచ్చి, అక్కడి నుంచే మళ్లీ పైకి లేస్తాడు. జీవితమంతా పడమటనే అస్తమయం చూసిన తల్లి అక్కడ వెదకడం, కొడుకు ఆమెను ఉత్తరం వైపు తిప్పడం... ఖగోళమిత్ర గారు లెక్కగా చెప్పినది మీరు తల తిప్పించి చూపారు. 'బడలిపోయెన్ + ఉత్తరంపు' అని ద్రుతంతో, అంటే చివరి నకారంతో, పాదాలను కలపడం కూడా చక్కగా ఉంది. ఆ చూపు తిరగడంలో విరామం లేదు, సంధిలోనూ లేదు.

ఖగోళమిత్ర:
నిజం. ఒక వివరం చేరుస్తాను. వేసవి గడియారం ప్రకారం ట్రోమ్సోలో సూర్యుడు అన్నిటికన్నా కిందికి దిగేది పన్నెండింటికి కాదు, సుమారు పన్నెండు ముప్పావుకు. మిత్రుడి ఇంటికి వెళ్లేవారు గంట కొట్టగానే చూసి లోపలికి వచ్చేయకూడదు. స్టోర్‌స్టైనెన్ కొండ మీదికి, అంటే 421 మీటర్ల ఎత్తుకు, తీగబండి (కేబుల్ కార్) ఉంది. ఆ ఎత్తు నుంచి దీవుల మధ్య సముద్రం మీద ఆ కాంతి పరుచుకోవడం చూడాలి.

హిమగిరి:
శీతవేళ నెలలు చీకటిన్ గడపిన
నేస్తగాడు మమ్ము నిద్రమాన్పె:
"చూడుఁ డప్పు దీర్చు సూర్యుఁ డీ వేసవి";
అర్ధరాత్రి మింట నర్కు డుండె

వెన్నెలబాట:
హిమగిరి గారూ, 'శీ'కి 'చీ'తో యతి చెల్లుతుందా?

అచ్చతెలుగు:
చెల్లుతుంది. చ, ఛ, జ, ఝ, శ, ష, స లకు పరస్పరం మైత్రి ఉంది. ఈ, ఈ స్వరమూ కుదిరింది. మూడో పాదంలోని 'చూ', 'సూ' యతి కూడా అదే సూత్రం. 'చూడుఁ డప్పు' దగ్గర అరసున్న (ఁ) వదలకండి. లేకపోతే 'అప్పు' కాస్తా 'డప్పు'గా చదివేస్తారు.

ఖగోళమిత్ర:
'నెలలు' అన్నది కొంచెం ఎక్కువేమో. అక్కడ సూర్యుడు ఉదయించని కాలం నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా, సుమారు ఏడు వారాలు. మధ్యాహ్నం కాసేపు నీలిమసక వెలుగు కూడా ఉంటుంది.

హిమగిరి:
తెలిసే వాడాను. చుట్టూ కొండలు కనుక ట్రోమ్సో వాసులు సూర్యుడి రాకను పండుగ చేసుకునేది జనవరి 21న. ఆ చీకటిని గడిపేవాడి మనసు లెక్కలో అవి నెలలే. పైగా నా పద్యం సూర్యుడి గురించి కాదు, మిత్రుడి గురించి. తాను ఏటా చూసేదే అయినా, వచ్చినవాళ్లను నిద్రలేపి మరీ చూపించాలనుకున్నాడు. ఆ ఆరాటం లేని ఇంటికి అంత దూరం వెళ్లడం దేనికి?

నిర్వాహకుడు:
'అప్పు దీర్చు' అన్న మాటలో ఆ ఊరి ఏడాది మొత్తం ఉంది. చూపుకు పాతబంగారం గారి పూరణ, స్నేహానికి హిమగిరి గారిది. నాకు మాత్రం హిమగిరి గారిదే ఒక మెట్టు పైన, ఎందుకంటే సందర్భంలో నేను అడిగిన మిత్రుడు మాట్లాడింది ఆ పద్యంలోనే. దూరతీరం గారి రెండో పూరణ కోసం చర్చను తెరిచే ఉంచుతున్నాను.

పాతబంగారం:
అయితే చలికాలపు సమస్య కూడా ఇవ్వండి. నేనే ఒకటి సూచిస్తాను: 'పట్టపగలు మింట భాను డేడి?' ప, భ యతి కుదిరింది.

నిర్వాహకుడు:
తీసుకుంటున్నాను. వచ్చే వారం ఇదే, ఆటవెలదిలోనే. గ్రహణం పేరు, మబ్బు పేరు ఎత్తకూడదు.